తెల్ల కమోడు, బీట్‌రూట్ మూట

కర్నూలు కూరగాయల మార్కెట్లో ఆరు వందలు చెప్పిన బీట్‌రూట్ మూటను రెండు వందల యాభైకి కొన్న మనిషిని నేను. మార్కెట్టు కట్టేసే వేళకు మిగిలిపోయిన సరుకును తూకం వేయకుండా కుప్పకింత అని అమ్మేస్తారు. గుత్త బేరం అంటాం దాన్ని. ఆ బేరంలో నేను రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించాను, ఒకసారి నిజంగానే వెళ్లిపోయి కొత్తిమీర కొనుక్కుని తిరిగొచ్చాను. చివరికి అమ్మే ఆవిడ మూటను నా కాళ్ల దగ్గరికి తోసి, "తీస్కపో తల్లీ. ఇంగ నీతో మాట్లాడితే నా గొంతు నొప్పి మందులకే అంతకంటే ఎక్కువైతాది" అంది. అంత మంచి మాట నన్ను నా పెళ్లిలో కూడా ఎవరూ అనలేదు.

మా ఇంట్లో బీట్‌రూట్ ఇష్టంగా తినేవాళ్లు ఒక్కరూ లేరన్న సంగతి, ఆటోలో మూటను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా బాధ పడలేదు. బేరం వేరు, తిండి వేరు.

నేను పుట్టింది కడపలో, అంగళ్ల మధ్య. మా నాన్నది పచారీ అంగడి. ఎదురుగా చిన్నాన్న బట్టల అంగడి, దాని పక్కన మేనత్త గాజుల అంగడి. మా వీధిలో పిల్లలకు జ్వరం వచ్చినా మందుల షాపు ఆయనతో బేరమాడే మందు తెచ్చేవాళ్లు. నాకు చిన్నప్పుడు నోరు పూసిందని డాక్టరు బి కాంప్లెక్స్ గోలీలు రాశాడు. వేసుకున్న రోజే ఒంటికి పోతే పచ్చగా, మెరుస్తూ, కొత్త పసుపు కొమ్ము నూరి కలిపినట్టు వచ్చింది. నేను ఏడుస్తూ అంగట్లోకి పరిగెత్తి గిరాకీల ముందరే ఆ మాట చెప్పేశాను. మా నాన్న చక్కెర తూచడం ఆపకుండా, "మందు రంగేనమ్మా అది. ఒంటికి కావలసింది తీసుకుని, ఎక్కువైంది వాపసు పంపిస్తాండాది" అన్నాడు. పొట్లం కట్టేశాక, "వాపసు పోయేదానికి కూడా దుడ్డు మనమే ఇచ్చినామే" అని నొచ్చుకున్నాడు.

అంటే తిన్నదాని రంగు బయటికి వస్తుందని నాకు ఏడేళ్ల వయసు నుంచే తెలుసు. ఆ తెలివి తర్వాత ఎందుకు అక్కరకు రాలేదో ఇప్పుడు చెబుతాను.

పెళ్లై కర్నూలు వచ్చాక చాన్నాళ్లు నాకు మాట్లాడే మనిషి దొరకలేదు. మా ఆయన గవర్నమెంటు ఉద్యోగి. ప్యాకెట్టు మీద ధర చూసి, అంతా ఇచ్చి, థాంక్స్ కూడా చెప్పి వచ్చే రకం. అత్తమ్మ పోయాక, మోకాళ్లు సహకరించక వ్యాపారం వదిలేసి మామ మా దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఇంట్లోకి ప్రాణం వచ్చింది.

మామ బేతంచెర్లలో తన అన్నతో కలిసి బండల వ్యాపారం చేశాడు. ఇళ్లలో నేలకు పరిచే బండలు కోయించి, పాలిష్ పట్టించి, లారీలకెక్కించడం. ఆయన వచ్చిన కొత్తలో నా ఒంటి మీద చీర చూసి ఎంతకు తెచ్చానని అడిగాడు. చెప్పాను. "రెండు నూర్లు ఎక్కువిచ్చినావు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో చీర కొన్నప్పుడు ఉన్నదాంట్లో సగమే చెప్పాను. మామ చీర కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, తల ఊపి, "ఆ అంగడాయప్పకు పెండ్లాం పిల్లలు ఉండారా, పాపం?" అన్నాడు. అబద్ధం పట్టేశాడని నాకు తెలుసు, పట్టేశాడని నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అప్పటి నుంచి మేమిద్దరం ఒక జట్టు.

పెరట్లో బాత్రూంకు కమోడు కూడా మామే కొన్నాడు. కింద కూర్చోలేకపోయేవాడు. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచిన తెల్ల కమోడు వెతికి, ఆ పెచ్చును వేలితో చూపిస్తూ చూపిస్తూ సగం ధరకు దించి, పెచ్చు గోడవైపు పోయేట్టు పెట్టించాడు. ఇంట్లో మేము వాడేది పాతది, నల్ల రాయి పరిచింది. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక బీట్‌రూట్. వేపుడు చేశాను, పప్పులో వేశాను, పెరుగు పచ్చడి చేశాను. సంగట్లోకి బీట్‌రూట్ పులుసు చేసినప్పుడు మా ఆయన ఆఫీసు క్యాంటీన్లో తినడం మొదలుపెట్టాడు. రక్తం పడుతుందని పక్కింటావిడ చెప్పడంతో మామకు రోజూ పొద్దున ఒక పెద్ద గ్లాసు రసం తీసి ఇచ్చాను.

మొదటి రోజు మామ గ్లాసును వెలుతురుకు పెట్టి చూశాడు. "మూట ఎంతకు తెచ్చినావంటివి?"

"రెండున్నర నూరు."

"నిజం?"

"నిజమే మామా. కొత్తిమీర మీద ఒట్టు."

"అంత రేటుకు ఇంత రంగా" అని గటగటా తాగేశాడు. రుచి ఆయన ముఖంలో కనిపించింది. అయినా రెండో రోజు తానే అడిగి తాగాడు, మూడో రోజు ఇంకాస్త పోయమన్నాడు. మా ఇళ్లలో అంతే. చౌకగా తెచ్చిన సరుకు పారేస్తే బేరం చేసిన మనిషిని అవమానించినట్టు. ఆయన ఆ రసం తాగింది ఆరోగ్యానికి కాదు, నా మర్యాదకు.

ఇది చదివేవాళ్లకు ఈపాటికి విషయం అర్థమయ్యే ఉంటుంది. మాకు అర్థం కాలేదు.

మొదట తేడా నీళ్లలో కనిపించింది. మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. పట్టుకున్న నీళ్లను మేము పాలకంటే జాగ్రత్తగా వాడతాం. అలాంటిది పెరట్లో డ్రమ్ము మధ్యాహ్నానికే అడుగంటుతోంది. మామ బాత్రూంలోకి పోయిన ప్రతిసారీ బకెట్ల మీద బకెట్లు గుమ్మరిస్తున్న చప్పుడు. సంపు ఖాళీ అయ్యి ట్యాంకరు తెప్పించాల్సి వచ్చిన రోజు నేను పెరటి గుమ్మంలో నిలబడి అడిగాను.

"ఏం మామా, బాత్రూంలో వరి నాటినావా?"

మామూలుగా అయితే మామ వెంటనే, నాటు వేసింది నేనే గానీ కలుపు తీసేది నువ్వే అనో, ఇంకేదో అని ఉండేవాడు. ఆ రోజు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "లేదులేమ్మా, ఇంగ తగ్గిస్తా" అని లోపలికి వెళ్లిపోయాడు. నా ఎత్తిపొడుపు ఎవరూ కొనని సరుకులాగా గుమ్మంలోనే ఉండిపోయింది.

ఎండలకు నీరసపడ్డాడేమో అనుకున్నాను. మరుసటి రోజు గ్లాసు ఇంకా పెద్దది పోశాను.

తర్వాత తోపుడు బండి భాయ్ వచ్చాడు. ఆలూరు వైపు మనిషి, మా వీధిలో ఏళ్లుగా చీనీ కాయలు, అంటే బత్తాయిలు, అమ్ముతాడు. ఆయనా మామా బేరం మొదలుపెడితే పక్కిళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి వినేవాళ్లు. ఆ పొద్దు నేను మిద్దె మీద బట్టలారేస్తున్నాను. బండి వచ్చిన చప్పుడు విన్నాను, వెంటనే వెళ్లిపోయిన చప్పుడూ విన్నాను. నేను దిగి వచ్చేసరికి మామ కాయల సంచి వంటింట్లో పెట్టి తన గదిలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి వాకిట్లో మళ్లీ బండి. భాయ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, పెద్దాయప్పకు ఒంట్లో బాగుండాదా?"

"ఏం భాయ్, ఏంటికట్ల అడుగుతాండావు?"

"మూడు నూర్లు చెప్పినా. ఎప్పుడట్ల చెప్తానో అట్లే చెప్పినా. ఆయన సగం కాడ మొదలుపెడతాడు, నేను ఏడుస్తా, మా అమ్మ మీద ఒట్టేస్తా, అట్లట్ల ఒక కాడికి వస్తాం గదా. ఈ పొద్దు చెప్పినంతా ఇచ్చేసినాడు. కాయలు కూడా ఏరలేదు. నేను ఏంది తాతా అంటే, పోనీలే అన్యాడు." భాయ్ జేబు తట్టుకున్నాడు. "ఈ దుడ్లు పెట్టుకుంటే నాకు ఒక రకంగా ఉండాదక్కా. ఆయప్పను యాడన్నా చూపించు."

వీధి మొదట్లోంచి వెనక్కి వచ్చి, నేను మరిచిపోయిన తాళం ఇచ్చినట్టు ఈ మాట ఇచ్చి వెళ్లిపోయాడు. నాకు అప్పుడు భయం పట్టుకుంది. మా వంశాల్లో మనిషి చెప్పిన ధర ఇచ్చాడంటే, అది పిచ్చన్నా కావాలి, ప్రాణం మీద ఆశ పోవడమన్నా కావాలి.

మామ గది గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఆ గది నేల ఆయన సొంత బండలే, బేతంచెర్ల నుంచి లారీలో తెచ్చి దగ్గరుండి పరిపించినవి. మామ మంచం మీద కూర్చుని కిందికి చూస్తున్నాడు.

"మామా, చీనీ కాయలకు మూడు నూర్లు ఇచ్చినావంట."

"ఇచ్చినాలే."

"ఏమైంది?"

మామకూ కోడలికీ మధ్య ధరలు, కూరలు, చుట్టాలు, రాజకీయాలు అన్నీ నడుస్తాయి. ఒంటి సంగతి నడవదు. ఆయన దానికో దారి వెతుక్కుంటున్నాడని నాకు తర్వాత అర్థమైంది. చివరికి ముందుకు వంగి, వేలి కణుపుతో నేలబండను రెండుసార్లు తట్టాడు.

"బండ కొనేటప్పుడు ఇట్ల తట్టి చూస్తామమ్మా. మంచిదైతే కంచు మాదిరి పలుకుతాది. లోపల చీలిక ఉంటే పైకి ఏం కనపడదు, సద్దు మాత్రం మూగగా వస్తాది." ఇంకోసారి తట్టాడు. "నా బండ సద్దు మారినాదమ్మా."

"యాడ మామా?"

ఆయన నా వైపు చూడకుండా గడ్డంతో పెరటి వైపు చూపించాడు. "ఒంటికి పోతే ఎర్రగా వస్తాండాది. పొద్దున శానా ఎరుపు. సాయంత్రానికి పసుపు బండ రంగుకు తిరుగుతాది. మా అన్నకూ ఇట్లే మొదలైనాది."

పెద్దమామ సంగతి నేను అత్తమ్మ దగ్గర విన్నాను. నా పెళ్లికి ముందే పోయాడు. మూత్రంలో రక్తం పడుతుంటే దాచిపెట్టుకుని, ఇంట్లో తెలిసి ఆస్పత్రికి తీసుకుపోయేసరికి చేయి దాటిపోయిందని చెప్పేది. అత్తమ్మకు తెలియనిది మామ ఆ పొద్దు చెప్పాడు.

"మా అన్న ఎవరికీ చెప్పలేదంటారు గానీ, నాకు చెప్పినాడు. లారీ లోడు ఎత్తేటప్పుడు చెప్పినాడు. ఎండకు వేడి చేసింటాది, గమ్మునుండు, బార్లీ తాగు అన్యా." తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు. "లారీ తొందరలో ఉన్యా నేను."

ఏడేళ్లప్పుడు పసుపు రంగు చూసి నేర్చుకున్న పాఠం ఒక్కటీ గుర్తు రాలేదు. నేనూ ఆ బీట్‌రూటే తింటున్నాను, నాకేమీ కాలేదు. మా ఆయనకేమీ కాలేదు. అందుకని పక్కనే గ్లాసు అడుగున ఎర్రగా ఎండిన మరక ఉన్నా, నా కళ్లకు పెద్దమామ ఒక్కడే కనిపించాడు. బకెట్లెందుకు గుమ్మరించాడో కూడా అప్పుడే తెలిసింది. తెల్ల కమోడులో ఎరుపు నా కంటబడకుండా కడుగుతున్నాడు.

"రేపు పొద్దున్నే పోదాం మామా" అన్నాను.

"ఎంతవుతాదో" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మా ఆయన సెలవు పెట్టాడు. ముగ్గురం ఆటోలో వెళ్లాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొద్దున ఏమీ తినకూడదేమోనని రసం తాగలేదు. కానీ అడిగాడు, "మూటలో ఇంకా ఎంత మిగిలినాది?" అని. సగం పైనే ఉందన్నాను. "అయ్యో" అన్నాడు. తాను పోయాక ఆ సరుకు ఏమైపోతుందో అన్న దిగులు ఆ అయ్యోలో ఉంది. నేను బయటికి తిరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మామ సిగ్గుతో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె మొదటే సీసా ఇచ్చి పరీక్షకు పంపించి, రిపోర్టు వచ్చాక లోపలికి పిలిచింది.

"రంగు ఎట్లా ఉంటాండాది తాతా?"

మామ ఈ ప్రశ్నకు సిద్ధంగానే ఉన్నాడు. "పొద్దున తడిసిన ఎర్రమన్ను మాదిరి. మధ్యాన్నం కొంచెం తెలుపు కలిసినట్ల. సాయంత్రం పాలిష్ పట్టని పసుపు బండ. నిన్న మాత్రం టీ నీళ్ల రంగు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మంట? నొప్పి?"

"ఏం లేదు."

"ఏం తింటాన్నారు ఈ మధ్య?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. సంగటి, పప్పు, అని మొదలుపెట్టి, బీట్‌రూట్ అన్న మాట సగంలో ఉండగా ఆగిపోయాను. నోరు తెరిచే ఉంది. మా ఆయన నా వైపు తిరిగాడు. పెళ్లైనప్పటి నుంచి ఆయన నన్ను అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు.

"రోజూ ఎంత?" అంది డాక్టరమ్మ.

"ఒక గ్లాసు" అన్నాను.

"అర్ధలీటరు లోటా" అన్నాడు మామ.

ఆమె నవ్వు ఆపుకుని, రిపోర్టు మా వైపు తిప్పింది. సూక్ష్మదర్శినిలో చూస్తే రక్తకణాలు లేవట. బీట్‌రూట్ రంగు కొందరి ఒంట్లో అరిగిపోతుంది, కొందరికి అలాగే బయటికి వచ్చేస్తుంది, అందుకే నాకూ మా ఆయనకూ తేడా తెలియలేదంది. వచ్చినా మా నల్ల రాయి మీద కనబడేది కాదు. లోపల ఎర్రగా ఉండే డ్రాగన్ పండు తిన్నా ఇలా వస్తుందట. క్యారెట్ ఎక్కువైతే నారింజ రంగు, కొన్ని విటమిన్ గోలీలకు మెరిసే పసుపు.

"టీ నీళ్ల రంగు మాత్రం బీట్‌రూట్‌ది కాదు" అందామె. "ఇంకేమన్నా వాడినారా తాతా? చెట్ల మందులు?"

మామ పైకప్పు చూశాడు. "సునాముఖి పొడి. వేడి దిగుతాదని మూలికల అంగట్లో తెచ్చుకున్యా."

"అది విరేచనాలకు. దానికీ రంగు మారుతాది. పైగా ఒంట్లో నీళ్లు పోతాయి, నీళ్లు తక్కువైతే రంగు ఇంకా చిక్కనవుతాది. రెండూ ఆపండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి పరీక్ష చేద్దాం."

"బీట్‌రూట్ అని తెలిసిపోయినాది గదమ్మా, మళ్లీ ఏంటికి?" అన్నాడు మామ. ప్రాణం మీద ఆశ తిరిగొచ్చింది, దానితోపాటు ఖర్చు మీద దృష్టీ వచ్చింది.

"మీ వయసులో ఎరుపు కనిపిస్తే, తిండి రంగే అని ఇంట్లో కూర్చుని అనుకోకూడదు తాతా. నిజం రక్తమైనా ఒక్కోసారి నొప్పి ఉండదు, వచ్చి పోతాది. మీరు వచ్చింది మంచి పని."

మామ తల దించుకుని ఆ మాట విన్నాడు. బయటికి వచ్చాక ఆస్పత్రి వరండా స్తంభానికి చేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. పరీక్షల గది ముందు బెంచీ మీద ఆయన వయసాయన ఒకడు సీసాను కర్చీఫులో దాచుకుని కూర్చుని ఉన్నాడు. మామ పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో నాకు వినబడలేదు. లేచి వచ్చేటప్పుడు మాత్రం, "దాచేది ఏం లేదప్పా, అన్నీ చెప్పు" అనడం విన్నాను.

వారానికి రంగు మామూలైంది. రెండో పరీక్షలోనూ ఏమీ లేదు. ఆ సాయంత్రం భాయ్ బండి రాగానే మామ అరుగు మీద నుంచే కేకేశాడు.

"ఏం భాయ్, పోయినసారి నా దగ్గర మూడు నూర్లు కొట్టేస్తివే."

"మీరే గదా తాతా ఇచ్చినారు."

"ఒంట్లో బాగలేని మనిషి దగ్గర అట్ల తీసుకుంటారా ఎవరన్నా? నూటా ఎనభై సరుకు అది. మిగతాది కాయల్లో తీర్చు."

భాయ్ ఏడ్చాడు, వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. ఎంతో సేపటికి ఒక సంచి నిండా కాయలు మా అరుగెక్కాయి. పోతూ పోతూ భాయ్ నాతో, "ఇప్పుడు నాకు మనసు కుదుటపడినాదక్కా" అన్నాడు.

మామ కాయ ఒలుస్తూ, "ఇంగ లెక్క తీయమ్మా. మూట బేరం లాభమా, నష్టమా?" అన్నాడు.

నేను చెప్పాను. మూట మీద మిగిలింది మూడు వందల యాభై. పోయింది: నీళ్ల ట్యాంకరు అయిదు వందలు, సునాముఖి అరవై, ఆటోలు నూటా అరవై. భాయ్ లెక్క కాయల్లో తీరిపోయింది. మిగిలిన సగం మూట పక్కవీధి బర్రెలకు పోయింది, అది సున్నా. డాక్టరమ్మ ఫీజూ రెండు పరీక్షలూ కలిపి ఇంకో...

"ఆగు" అన్నాడు మామ. ఒలిచిన చీనీ తొన నా చేతిలో పెట్టాడు. "పరీక్షల దుడ్డు బీట్‌రూట్ మీద వేయద్దు. అది మా అన్నకు చేపించాల్సిన పరీక్ష. ఆయప్ప పేరున రాయి, నేనిస్తా."

"ఆటో కూడా అంతేనా మామా?"

మామ ఇంకో తొన ఒలిచాడు. "ఆటో నీదే. బస్సులో పోవచ్చునే."

రాశాను. పెద్దమామ పేరున ఫీజూ పరీక్షలూ, మామ కట్టేశాడు. నా పేరున, మూట మీద మిగిలినది పోగా, నష్టం మూడు వందల డెబ్బై రూపాయలు.